రంగుల చక్రం వెనక కాన్సాస్ ఊరు

ముందే చెప్పేస్తాను. నేను కాన్సాస్ వెళ్ళింది ఊరు చూద్దామని కాదు, ఒక ఉద్యోగం చెడగొడదామని.

మా అక్క కూతురు లహరి ప్రసూతి డాక్టరు. భర్తతో, బడికెళ్ళే కూతురుతో టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. నేను రిటైరైన సోషల్ టీచరుని. నరసరావుపేట ఎండలు తప్పించుకోవడానికి వాళ్ళింటికి వచ్చి, వెళ్ళాల్సిన టికెట్టు రెండుసార్లు వాయిదా వేసుకుని అక్కడే ఉన్నాను. లహరి వీసాకి ఒక మెలిక ఉంది. శిక్షణ అయ్యాక, డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తేనే ఈ దేశంలో ఉండనిస్తారు. దానికి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి హ్యూస్టన్ పక్కన. గుడి ఉంది, గోంగూర దొరికే కొట్టు ఉంది, తెలుగు బడి కూడా ఉంది. రెండోది కాన్సాస్ నైరుతి మూలన ఒక పల్లెటూరి కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, జనం మాత్రం మన మండలమంత.

ఆ కౌంటీ ఆస్పత్రిలో కాన్పులు చేసే డాక్టరు ఒక్కరే, ఆయనకి డెబ్బై దాటాయి. ఆయన మానేసేలోపు ఇంకొకరు రాకపోతే కాన్పుల వార్డు మూసేస్తారు. అప్పుడు నిండు గర్భిణులు గంటన్నర దూరం కార్లో పోవాలి. అందుకని లహరి మనసు అటు లాగుతోంది, ఎక్కడైనా సరేనన్నాడు భర్త. మా అక్క గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "నువ్వూ దాంతో ఆ ఇంటర్వ్యూకి పో. నీకు నోరుంది గదా, దారి పొడుగూతా చెప్పి మాన్పించు. పిల్లదాన్నేసుకుని ఆ అడివిలో ఎట్టా ఉంటదే అది?" అంది. సరేనన్నాను. నిజానికి నా అభిప్రాయమూ అదే.

బయల్దేరే ముందు రోజు లహరి ఫోన్లో ఆ కౌంటీ జనాభా చూపించింది. అదొక రంగుల చక్రం. తెల్లవాళ్ళదొక ముక్క, హిస్పానిక్ వాళ్ళది ఇంచుమించు అంతే ముక్క, నల్లవాళ్ళదొక సన్న ముక్క, ఆసియా వాళ్ళది గోరంత. హిస్పానిక్ అంటే ఏమిటని అడిగితే, స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్ళని చెప్పింది.

"ఈ గోరంత ముక్కలో ఉన్నది మనవాళ్ళా?" అన్నాను ఆశగా.

"బర్మా వాళ్ళంట పిన్నీ. మనం మూవ్ అయితే ఆ గోరు కొంచెం పెరుగుద్ది."

ఇలాంటి చక్రాలంటే నాకు మహా ఇష్టం. పదో తరగతికి జనాభా పాఠం చెప్పేటప్పుడు రంగు సుద్దలతో బోర్డు నిండా గీసేదాన్ని. ఏ ముక్క ఎవరిదో చెప్పేస్తే ఊరంతా అర్థమైపోయినట్టే అనుకునేదాన్ని. ఈ చక్రం కూడా ఒక్క చూపులో అర్థమైపోయింది నాకు.

జొన్నచేల దారి

ఫ్రిస్కోలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. అవి అయిపోయాక టెక్సాస్ ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. చైల్డ్రెస్ అనే ఊరి దగ్గర పత్తి చేలు కనిపించాయి. అక్టోబరు కదా, కాయలు పగిలి తెల్లగా ఉన్నాయి. అంత పత్తిలో ఒక్క మనిషి లేడు! మా పల్నాడులో ఈ రోజుల్లో తెల్లారకముందే ఆటోల నిండా కూలీలు పోతారు. ఇక్కడ ఇంత చేలో ఒకే ఒక్క యంత్రం ఇల్లంత ఎత్తున తిరుగుతోంది. చూడముచ్చటగానూ ఉంది, దిగులుగానూ ఉంది.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో ఆగాం. చికెన్ ఫ్రైడ్ స్టేక్ అని రాసి ఉంటే కోడి కదా అని ఆర్డరు చెప్పబోయాను. లహరి నా చెయ్యి పట్టుకుని ఆపింది. పేరులో కోడి, పళ్ళెంలో ఎద్దు! కోడిని వేయించినట్టు వేయిస్తారు కాబట్టి ఆ పేరట. చివరికి మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు తిన్నాను. దానికి పన్నెండు డాలర్లు. డాలర్లని రూపాయల్లోకి మార్చుకోవద్దని లహరి నాకెన్నిసార్లో చెప్పింది. మార్చుకున్నాను, గొంతు దిగలేదు.

ఒక్లహోమా ముక్క దాటి కాన్సాస్‌లోకి వచ్చాక రోడ్డుకి రెండు పక్కలా ఎర్ర కంకులు. కారు ఆపించి దిగి చూస్తే జొన్న! ప్రాణం లేచొచ్చింది. ఇక్కడివాళ్ళు కూడా జొన్నరొట్టె తింటారన్నమాట అనుకున్నాను. అదంతా పశువుల దాణాకంటూ లహరి నీళ్ళు చల్లింది. కాస్త ముందుకు పోయేసరికి ఆ పశువులూ కనిపించాయి. కనుచూపు మేర కంచెలు, వాటిలో వేల పశువులు, అద్దాలు ఎత్తినా లోపలికి దూరే వాసన. ఊరి చివర పెద్ద మాంసం ఫ్యాక్టరీ ఉంది. ఈ ఊళ్ళో ఇంతమంది ఇన్ని దేశాల నుంచి వచ్చి పడ్డారంటే ఆ ఫ్యాక్టరీ వల్లే.

నా ప్రచారం దారిలోనే మొదలుపెట్టాను. "పిల్లదానికి తెలుగు ఎవరు నేర్పుతారు? పండగొస్తే ఎవరింటికి పోతావు?" అంటూ ఒకటే సొద. లహరి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఊఁ కొట్టింది. సరిగ్గా అప్పుడే వెనక సీట్లో ఏదో దొర్లింది. చూస్తే నా గోంగూర పచ్చడి సీసా మూత ఊడి, లహరి ఇంటర్వ్యూ కోటు మీద బోర్లా పడి ఉంది. నూనెతో సహా. అంతటితో నా ప్రచారం ఆగిపోయింది.

సబ్బు కొట్టులో తెల్లమ్మాయి

ఊళ్ళో దిగగానే బట్టల సబ్బు కోసం కొట్టుకి పరిగెత్తాను. లహరి మోటెల్‌లో కోటు నానబెడుతోంది. కొట్టులో సబ్బుల వరస ముందు ఒక తెల్లమ్మాయి నిలబడి ఉంది. బంగారు జుట్టు, నీలి కళ్ళు, చీలమండల దాకా పూల గౌను, తలకి నల్ల రుమాలు, వెనకాల మెట్లలా నలుగురు పిల్లలు. అసలు సిసలు అమెరికా అమ్మాయి దొరికిందనుకుని, నూనె మరక పోవాలంటే ఏ సబ్బు మంచిదని నా ఇంగ్లీషంతా కూడదీసుకుని అడిగాను.

ఆ అమ్మాయి బిత్తరపోయింది. స్పానిష్‌లో ఏదో అంది. తర్వాత పెద్ద కూతుర్ని పిలిచి, స్పానిషూ కాని ఇంకేదో భాషలో చెప్పింది. ఆ పిల్ల నాకు ఇంగ్లీషులో చెప్పింది. "మా అమ్మకి ఇంగ్లీష్ రాదు. మేము మెక్సికో నుంచి వచ్చాం. ఇంట్లో జర్మన్ మాట్లాడతాం."

తర్వాత తెలిసింది వాళ్ళ కథ. వాళ్ళ పూర్వీకులు మతం కోసం జర్మన్ నేల నుంచి రష్యాకి, అక్కణ్ణుంచి కెనడాకి, మళ్ళీ మెక్సికోకి పోయారు. ఇప్పుడు మనవలు కాన్సాస్ వచ్చారు. పోయిన ప్రతిచోటా ఆ పాత భాషనీ, ఆ గౌనునీ వెంట తీసుకుపోయారు. నా చక్రంలో వీళ్ళు తెల్లవాళ్ళ ముక్కలో ఉంటారా, హిస్పానిక్ ముక్కలోనా? సోషల్ టీచరుకి జవాబు తెలియలేదు. ఆ అమ్మాయి మాత్రం నా చేతిలో సబ్బు తీసి అల్మారాలో పెట్టేసి, ఇంకో చవక సబ్బు పెట్టింది. మరక పోయింది. గోంగూర వాసన పోలేదు.

హలీమా టీ

మర్నాడు పొద్దున్నే ఇంటర్వ్యూకి ముందు టీ కోసం వెతుకుతూ సోమాలీ వాళ్ళ కొట్టుకి వెళ్ళాం. ఏలకులు, దాల్చినచెక్క, పాలు వేసి మరిగించిన టీ! అమెరికాలో అడుగుపెట్టాక ఫ్రిస్కో బయట నేను మనసారా తాగిన మొదటి టీ అదే. పక్కన సమోసా కూడా ఉంది, వాళ్ళు సంబూసా అంటారు. కొట్టు యజమానురాలు హలీమా నా వయసు మనిషి. నా చీర చూసి నవ్వి, నేను డబ్బులిస్తే తీసుకోలేదు. మన ఊళ్ళో కొత్త చుట్టం దగ్గర టీ డబ్బులు తీసుకోనట్టే.

"మీరేనా కొత్త డాక్టరు?" అని లహరిని సూటిగా అడిగింది. చిన్న ఊరు కదా, మా కారు వచ్చిన సంగతి అప్పుడే అందరికీ తెలుసు.

"ఇంకా డిసైడ్ చేసుకోలేదండీ. చూడ్డానికొచ్చాను," అంది లహరి.

"నా కోడలికి చలికాలంలో కాన్పు. మంచు పడితే హైవే మూసేస్తారు. వార్డు లేకపోతే ఎక్కడికి తీసుకుపోవాలి?" హలీమా గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. లహరి టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

మీవాళ్ళని చక్రంలో నల్లవాళ్ళ ముక్కలో వేశారు కదా అని హలీమాని అడిగాను. ఆమె పకపకా నవ్వింది. "ఆ ముక్కలో సూడాన్ వాళ్ళు ఉన్నారు, కాంగో వాళ్ళు ఉన్నారు, వందేళ్ళ నుంచి ఇక్కడే ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళందరి భాషా నాకొచ్చనుకుంటారు ఆఫీసుల్లో!" అంది.

ఆస్పత్రి వరండాలో

ఆ డెబ్బై దాటిన డాక్టరు పేరు వాల్ట్, ఈ ఊరి రైతుబిడ్డే. పొడుగాటి మనిషి, చేతులు కూడా రైతు చేతుల్లానే ఉన్నాయి. మమ్మల్ని చూసి, గదిలో ఏదో పుల్లటి మంచి వాసన వస్తోందన్నాడు. లహరి కోటు సర్దుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆయన మాటలు నాకు నచ్చాయి. "జాలిపడి రావద్దమ్మా. జాలిపడి వచ్చినవాళ్ళు మంచు చూడగానే వెళ్ళిపోతారు. పని నచ్చితేనే రా," అని లహరితో అన్నాడు. తర్వాత, ఆ రోజు వచ్చే గర్భిణుల అనుమతితో పక్కన కూర్చుని చూడమని లోపలికి తీసుకువెళ్ళాడు. నేను బయట వరండాలో కూర్చున్నాను.

నా పక్కన ఒక పెద్దావిడ ఉంది. నేత లంగా, ఎంబ్రాయిడరీ రవికె, రెండు సన్నజడలు. మెక్సికో పక్కనున్న గ్వాటెమాలా దేశపు కొండల నుంచి వచ్చినావిడ. పేరు మనువేలా, అది కూడా గుండె మీద చెయ్యి వేసుకుని చెబితే తెలిసింది. లోపల పరీక్ష చేయించుకుంటున్న తొమాసా ఆమె కూతురు. తొమాసా ఫ్యాక్టరీలో మాంసం కోస్తుందని చేతితో కోసి చూపించింది. ఆవిడ కళ్ళు నా మంగళగిరి చీర అంచు మీదే ఉన్నాయి. కొంగు చేతికిచ్చాను. వేళ్ళతో తడిమి, తిరగేసి వెనకవైపు చూసి తలాడించింది. నేత తెలిసినవాళ్ళే అలా తిరగేసి చూస్తారు. తర్వాత నడుముకి మగ్గం కట్టుకుని నేసినట్టు చేతులాడించి చూపించింది. మా ఊరి సాలెవాళ్ళు గుంటమగ్గం మీద కాళ్ళతో తొక్కుతారని నేను కుర్చీలో కూర్చునే తొక్కి చూపించాను. అటుగా పోతున్న నర్సు మా ఇద్దర్నీ చూసి ఆగి మరీ నవ్వింది. మనువేలా ఫ్లాస్కులోంచి వేడి మొక్కజొన్న జావ పోసి ఇచ్చింది. మన జావే, కాస్త తీపి ఎక్కువ.

మా స్నేహం ఇలా జోరుగా సాగుతుండగా లహరి బయటికొచ్చింది. మొహం చూడగానే ఏదో తేడా ఉందని తెలిసింది. చేతిలో ఆస్పత్రి టాబ్లెట్ కంప్యూటర్ ఉంది, అందులో స్పానిష్ దుబాసీ ఒకాయన కనిపిస్తున్నాడు. లహరి మనువేలా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, మీ ఊరి పేరేంటి?" అని అడిగించింది.

మనువేలా వినయంగా నవ్వి, "సీ," అంది. స్పానిష్‌లో సీ అంటే అవును.

"మీకెంతమంది పిల్లలు?"

"సీ."

లహరి నావైపు తిరిగింది. "చూశావా పిన్నీ, వీళ్ళకి స్పానిష్ రాదు. లోపల తొమాసాని తలనొప్పి తగ్గిందా అంటే సీ అంది. పెరిగిందా అంటే కూడా సీ అంది. బీపీ చూస్తే హైగా ఉంది."

అన్నిటికీ సీ

తర్వాత లహరి చెప్పింది, అనుమానం ఎలా వచ్చిందో. తను హౌస్ సర్జన్ చేసే రోజుల్లో తండాల నుంచి లంబాడీ ఆడవాళ్ళు కాన్పులకి వచ్చేవాళ్ళు. డాక్టరు తెలుగులో ఏం అడిగినా "ఆఁ, ఆఁ" అనేవాళ్ళు. అర్థమై కాదు, పెద్ద డాక్టరుకి ఎదురు చెప్పకూడదని. ఒకామెకి నొప్పి లేదనుకుని పక్కన పడుకోబెడితే ప్రాణం మీదికి వచ్చిందట. అప్పట్నుంచీ, అవును కాదుతో తేలని ప్రశ్న ఒకటి అడగడం దానికి అలవాటు.

కంప్యూటర్లో తొమాసా పేరు పక్కన హిస్పానిక్ అని ఉంది. కాబట్టి స్పానిష్ దుబాసీని పెట్టారు. గ్వాటెమాలా కొండల్లో స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న కీచే అనే భాష ఒకటుందని, వీళ్ళు మాట్లాడేది అదేనని నర్సు కనిపెట్టింది. ఆ భాష దుబాసీ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. చాలాసేపటికి, వేరే రాష్ట్రంలో ఒకామె దొరికింది. ఫోనులోంచి తన భాష వినపడగానే తొమాసా ఏడ్చేసిందట. కొన్నాళ్ళుగా తల పగిలిపోతోంది, కళ్ళ ముందు మిణుగురులు, డొక్కలో నొప్పి. గుర్రపువాతానికి, అంటే గర్భిణులకి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి, ముందు వచ్చే గుర్తులు ఇవేనని, ఆ రాత్రికి ఇంటికి పంపి ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదేమోనని లహరి చెప్పింది.

వెంటనే మందులు మొదలుపెట్టి నొప్పులు రప్పించే ఏర్పాటు చేశారు. డాక్టర్ వాల్ట్ వరండాలోకొచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళలో ఎంతమంది నాకు సీ చెప్పారో," అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. వీళ్ళందరికీ పురుళ్ళు పోసింది ఆయనేగా, ఆయన్ని ఏమనగలం? నా దగ్గరున్న కప్పులో మిగిలిన జావ ఆయనకిచ్చాను. తాగాడు.

నేను మాత్రం గీసినన్ని చక్రాలు గీసి ఏం తెలుసుకున్నాను? మా క్లాసులో వెనక బెంచీల మీద కూర్చుని, ప్రతిదానికీ "అర్థమైంది టీచర్" అనే తండా పిల్లలు గుర్తొచ్చారు.

తిట్లు

మేం ఆ రోజే బయల్దేరాల్సింది. లహరి ఉండిపోదామంది. నేనూ ఎందుకని అడగలేదు. ఇక్కడ వైద్యం చేసే అనుమతి దానికింకా లేదు, అయినా తొమాసా చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి అనుమతి ఎందుకు? కాన్పు డాక్టర్ వాల్టే చేశాడు. ఆడపిల్ల. మనువేలా బయటికొచ్చి నన్ను కావలించుకుంది. తను నా భుజం దాకా కూడా రాదు, కానీ పట్టు మాత్రం మగ్గం పట్టు.

మర్నాడు మధ్యాహ్నం బయల్దేరే ముందు లహరి వార్డులోకి వెళ్ళింది. నేను కార్లో కూర్చున్నాను. ఎంతకీ రాదు. వచ్చేటప్పుడు మాత్రం ఒక్కతే నవ్వుకుంటూ వచ్చింది.

"ఏందే, ఏమైంది?"

"తిట్టింది పిన్నీ."

"ఎవరు?"

"తొమాసా. ఫోన్లో కీచే ఆవిణ్ణి కనెక్ట్ చేసి ఎట్టా ఉందని అడిగా. మొదలుపెట్టింది చూడు! గది చలంట. కిటికీ మూయరంట. పిల్ల తలకి టోపీ వదులంట. బాలింతకి ఐసు నీళ్ళు ఎవరైనా ఇస్తారా, మీకు పెద్దవాళ్ళెవరూ లేరా అంటది. ట్రాన్స్‌లేట్ చేసే ఆవిడకి ఊపిరాడలా. డాక్టర్ వాల్ట్ నోట్ చేసుకుంటానే ఉన్నాడు, వీళ్ళు ఇన్నేళ్ళలో నన్ను తిట్టడం ఇదే ఫస్ట్ టైమ్ అంటా."

"ఐసు నీళ్ళేమిటే బాలింతకి!" అన్నాను నేను కూడా.

లహరి స్టీరింగు పట్టుకుంది. నవ్వు పోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వస్తానని చెప్పేశా పిన్నీ. ప్రతి భాషకీ మనిషి కావాలని కండిషన్ పెట్టా. ఒప్పుకున్నారు. అమ్మ ఏమంటుందో ఏమో."

నాకు సంతోషమూ భయమూ కలిసి వచ్చాయి. లహరిని ఈ గాలిలో, ఈ వాసనలో వదిలేసి నేను ఫ్లైటెక్కాలి. ఏడ్చాను కూడా, దాచను. తర్వాత ముక్కు తుడుచుకుని, పద, పొద్దుపోతోంది అన్నాను.

ఊరి చివర పెట్రోలు పోయించుకుంటుంటే అక్క ఫోన్ చేసింది.

"మాన్పించావా?"

"లేదక్కా. చేరతానని చెప్పేసింది."

"నిన్ను పంపాను చూడు, నన్ననుకోవాలి! వెళ్ళి ఏం పీకావే అక్కడ?" అంది. తిట్టనిచ్చాను. తొమాసా గురించి చెప్పాను. పుట్టిన పిల్ల గురించి చెప్పాను. అక్క గొంతు తగ్గించి, "పోనీలే. మూడేళ్ళేగా?" అంది.

కారుకి అటుపక్క లహరి ఇంకో ఫోన్లో ఉంది. డాక్టర్ వాల్ట్ ఇచ్చిన ఇళ్ళ ఏజెంటు నంబరుకి చేసినట్టుంది. అద్దెకి వద్దు, కొనుక్కునేవి ఏమైనా ఉన్నాయా, పెరడు కాస్త పెద్దదిగా ఉండాలి అంటోంది.

"మూడేళ్ళేనే అక్కా," అన్నాను.

అది అబద్ధమని, ఆ మాట నోట్లో ఉండగానే నాకు తెలుసు.